ఇటుకలు లెక్కపెట్టకండి!

గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు ప్లాస్టిక్ ఇటుకలతో కోటలు కట్టి, టిక్కెట్టు పెట్టి మరీ చూపిస్తారంటే మన ఇళ్ళలో నవ్వుతారు. ఇంగ్లండులో ‘బ్రికిష్ అసోసియేషన్’ అలాంటి వాళ్ళ సంఘమే. స్విండన్‌లో పాత రైల్వే కార్ఖానాలో వెలసిన స్టీమ్ మ్యూజియంలో వీళ్ళ ప్రదర్శనలు జరిగాయి. బొమ్మలే కదా అని నవ్వి ఊరుకోవడం నాకిష్టం లేదు. నలుగురికీ చూపించడానికి పెట్టిన ఏ వస్తువునైనా మంచీ చెడూ ఎంచాల్సిందే.

ముందు ఆ ఇటుక సంగతి. డెన్మార్కులోని బిలుండ్‌లో ఒలె కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో కర్రబొమ్మలు చెయ్యడం మొదలెట్టాడు. ‘బాగా ఆడుకో’ అనే అర్థం వచ్చే డేనిష్ మాటల్ని కుదిస్తే ‘లెగో’ అయింది. పైన బొడిపెలు, అడుగున గొట్టాలు ఉన్న ఇటుకకు ఆయన కొడుకు 1958లో పేటెంటు కోరాడు. పెడితే కదలదు, లాగితే ఊడుతుంది. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో ఇప్పటికీ అతుకుతుంది. అత్తాకోడళ్ళ మధ్య కూడా కనిపించని పొందిక! ఎనిమిది బొడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరుంటే చాలు, 91,51,03,765 విధాలుగా కలపవచ్చునట.

ఇన్ని విధాలున్నప్పుడు మనం చూడవలసింది ఊహని. కానీ ఇలాంటి ప్రదర్శనల్లో బల్ల మీద ఓ అట్టముక్క నిలబెడతారు: ఇన్ని వేల ఇటుకలు, ఇన్ని నెలల శ్రమ అని. జనం బొమ్మకేసి చూడకుండానే ‘అబ్బో’ అనేస్తారు. ఇదేం మెప్పు? పేజీలు లెక్కపెట్టి నవలను మెచ్చుకుంటామా? జరీ తూకం చూసి కొన్న చీర కట్టుకున్నాక నప్పాలని ఉందా? పరిమాణం ఓపికకు కొలత, కళకు కాదు.

కళ ఎక్కడుందంటారా? ఒక పనికని చేసిన ముక్కను ఇంకో పనికి ఒప్పించడంలో ఉంది. 2014లో కంపెనీ వాళ్ళే విడుదల చేసిన ‘పారిసియన్ రెస్టారెంట్’లో మేడ అంచున నగిషీలు చూడండి. అవి నిజానికి నెలవంకలాంటి ఫ్రెంచి రొట్టెలు, క్రోసాన్లు! బొమ్మలాటలో తినడానికి చేసిన ముక్క గోడ ఎక్కి శిల్పమైంది. కవి చేసేదీ ఇదే కదూ? మాట పాతదే, కూర్చున్న చోటు కొత్తది. సంఘాల్లో మంచి చేతులు చూపేది ఈ నేర్పే. అలాంటి అరచేతిలో పట్టే వీధిమూల ముందు ఆరడుగుల కోట వెలవెలబోతుంది.

ఇంకో మాట. 1974లో ఈ కంపెనీ తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో, సృష్టించాలన్న తపన ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానమేనని చెప్పింది. అదే కంపెనీ 2012లో ఆడపిల్లలకంటూ గులాబీ, ఊదా రంగుల్లో వేరే వరస తెస్తే విమర్శలు వెల్లువెత్తాయి. 2014లో ఎలెన్ కోయ్‌మన్ అనే శాస్త్రవేత్త ఆలోచన మేరకు ముగ్గురు స్త్రీ శాస్త్రజ్ఞుల బొమ్మలతో ఒక పెట్టె వచ్చింది. పిల్లల పెట్టెల సంగతి అలా కాస్త మెరుగుపడింది. మరి పెద్ద స్త్రీల సంగతో?

ఇక్కడే నా ఫిర్యాదంతా. నలభై ఏళ్ళ మగవాడు ఇటుకలు పేరిస్తే దాన్ని హాబీ అంటాం. అదే వయసు ఇల్లాలు పేరిస్తే ‘పనేం లేదా?’ అంటాం. ఆమె సరదా స్వెట్టరుగానో, ఊరగాయగానో తేలాలి, ఇంటికి అక్కరకు రావాలి. అందుకే ఎక్కడ చూసినా కోటలూ, రైళ్ళూ, అంతరిక్ష నౌకలూనూ! పెరట్లో దండెం మీద ఆరేసిన బట్టలూ, పొయ్యి మీద పొంగబోయే పాలూ ఎవరు కడతారు? అవి కట్టడానికి కోటకన్నా నిశితమైన కన్ను కావాలి.

కనుక మీరెప్పుడైనా ఇలాంటి ప్రదర్శనకు వెళితే, పిల్లల చేతులు పట్టుకుని తాడు ఇవతల నిలబడి వచ్చేయకండి. ఇటుకలెన్నని అడక్కండి, ఆ ముక్క అక్కడికెలా వచ్చిందని అడగండి. మీకూ కట్టాలనిపిస్తే ఎందుకని మాత్రం మిమ్మల్ని మీరు అడుక్కోకండి. ఏ ఉపయోగమూ లేని పని ఒకటి చేసుకునే హక్కు మనకూ ఉంది.