వాంగ్ చుంగ్ గ్రంథం – మూఢవిశ్వాస ఖండన
పిడుగు పడి మరణించినవాడు దైవాగ్రహానికి గురి అయిన పాపి అని ప్రాచీన చైనాలో నమ్మేవారు. క్రీ.శ. 1వ శతాబ్దిలో వాంగ్ చుంగ్ అనే పండితుడు ‘లున్‌హెంగ్’ గ్రంథంలో దీనిని ఖండించాడు. మృతుని జుట్టు, చర్మం కాలి ఉంటాయి, కాలిన వాసన వస్తుంది. కనుక పిడుగు అగ్నియే గాని ఆగ్రహం కాదన్నాడు. చచ్చినవారందరూ దయ్యాలైతే దారులన్నీ వాటితోనే నిండిపోవాలి గదా అని పరిహసించాడు; ఆత్మ లేని బట్టలు దయ్యం ఒంటిమీదికి ఎట్లా వచ్చాయని అడిగాడు.

అయితే సూర్యునికి చంద్రుడు అడ్డు వచ్చుటవల్ల గ్రహణం కలుగుతుందని ఆనాడే కొందరు చెప్పగా, ఆ సరియైన మాటను కూడ ఆయన త్రోసిపుచ్చాడు. పిడుగు విషయంలో కంటి సాక్ష్యాన్ని నమ్మినవాడు ఇక్కడ వట్టి తర్కాన్ని నమ్మాడు. సందేహం శాస్త్రానికి తొలిమెట్టు మాత్రమేనని గ్రంథంలోని ఈ బలమూ, ఈ లోపమూ కలిసి బోధిస్తున్నాయి.