మన కథలలోని చంద్రుడు

తెలుగు వచనమున చంద్రునకు కొఱత లేదు. నాయిక డాబాపై నిలిచినచో వెన్నెల కాయవలయును. బాటసారి రాత్రివేళ ఊరు విడిచినచో నెలవంక తోడు రావలయును. అది యే తిథి, ఆ తిథినాడు ఆ వేళకు చంద్రుడు ఆ దిక్కున నుండునా యని విచారించు రచయితలు మాత్రము అరుదు. ఇది స్వల్పదోషమని కొందఱందురు. అట్లు గాదని చూపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట నొక భేదమును గుర్తింపవలయును. దక్షుని శాపముచే చంద్రుడు క్షయరోగియై క్షీణించుచు, మరల వృద్ధిబొందుచుండునని పురాణగాథ. కవి దానిని ఉపమానముగా గ్రహించుట తప్పు గాదు. అది అలంకారమని చదువరి యెఱుగును. వచనకథయో, లోకమును ఉన్నదున్నట్లు చూపుదునని మాట యిచ్చినది. అట్లు మాట యిచ్చిన రచయిత నడిరేయి తూర్పున సన్నని నెలవంకను ఉదయింపజేసినచో, అది అలంకారము గాదు, అసత్యము.

చంద్రునకు స్వయంప్రకాశము లేదు. గోళములలో సూర్యునికెదురైన సగము వెలుగుననియు, తక్కిన సగము తన నీడచేతనే చీకటియగుననియు ఆర్యభటుడు 499వ సంవత్సరపు గ్రంథమున జెప్పెను. అద్దముపై బడిన యెండ చీకటియింటిని వెలిగించునట్లు సూర్యకిరణములే చంద్రునినుండి వెన్నెలయై వచ్చునని వరాహమిహిరుడు బృహత్సంహితయందు వివరించెను. వెలుగు సగములో మనకు గనబడు పాలు సూర్యచంద్రుల నడిమి కోణమును బట్టి మాఱును; అవియే కళలు. కళలు భూమినీడవలన గలుగునని చదువుకొన్నవారిలోను పలువురు తలచుచున్నారు. ఆ నీడ చంద్రునిపై బడుట చంద్రగ్రహణమునందు మాత్రమే.

కావున చంద్రుని ఆకారమే గడియారము. విదియనాటి రేక సూర్యాస్తమయమైన పిమ్మట పడమట కొంతసేపు కనబడి క్రుంకును. శుద్ధాష్టమినాటి సగబింబము ఇంచుమించు నడిరేయికి అస్తమించును. పున్నమచంద్రుడు ప్రొద్దుగ్రుంకువేళ తూర్పున పొడచూపును. బహుళాష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతమునగాని రాడు. పుస్తకముల అట్టలపై నెలవంక కొమ్ముల నడుమ నక్షత్రమును వ్రాయు చిత్రకారులు ఆ చోటు శూన్యమని తలంతురు కాబోలు! అచట నున్నది చంద్రుని చీకటిభాగమే. దాని వెనుకనున్న చుక్క మనకు గనబడదు.

ఈ సత్యము రచనకు సంకెల యని శంకింపనక్కఱలేదు. మృచ్ఛకటికము తొలియంకమును జూడుడు. సాయంసమయము గడచి చీకటి దట్టముగా నుండుటచేతనే వసంతసేన తన్ను తఱుముచున్నవారినుండి తప్పించుకొనగలిగెను. ఆ రాత్రియే ఆమెను ఇంటికి జేర్పవలసివచ్చినపుడు చారుదత్తుని యింట దివిటీలకు నూనె లేదు. అంతలో చంద్రుడుదయించి రాజమార్గమునకు దీపమయ్యెను. మొదట చీకటి, తరువాత వెన్నెల: బహుళపక్షమున జరుగునది సరిగా నిదియే. ఆ నాటకకర్త ఆకాశమును జూచినవాడు. చూచుటచేతనే ఒక్క చంద్రోదయముచే పాత్ర పేదఱికమును, కథాగమనమును గూడ సాధింపగలిగెను.

ఇక దూరపు మాట. కళలకు కారణము కోణము. బింబపు పరిమాణమునకు కారణము దూరము. ఈ రెంటిని కలగలుపుట నేటి పత్రికల వాడుక. చంద్రకక్ష్య దీర్ఘవృత్తమగుటచే చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నున్నను, ఒకప్పుడు సుమారు 3,56,500 వఱకు దగ్గఱవచ్చును, ఒకప్పుడు సుమారు 4,06,700 వఱకు దూరమగును. సామీప్యమునుండి మరల సామీప్యమునకు 27.55 దినములు, పున్నమనుండి పున్నమకు 29.53 దినములు. ఈ రెండు లెక్కలు వేఱగుటచే అవి యొకేమాఱు కలియుట కొన్ని పున్నములకే తటస్థించును. దానికి 'సూపర్‌మూన్' అను పేరును 1979లో పెట్టినవాడు రిచర్డ్ నోల్ అను జ్యోతిష్కుడు, ఖగోళశాస్త్రజ్ఞుడు గాడు. 2016 నవంబరు 14వ తేదీ పున్నమ 1948 జనవరి తరువాత అత్యంత సమీపమైనది. ఐనను సగటు పున్నమకంటె ఆ బింబపు వ్యాసము నూటికి ఏడుపాళ్లు మాత్రమే యధికము. ప్రక్కప్రక్కన బెట్టి చూచుటకు రెండవ చంద్రుడు లేనందున కన్ను దానిని పోల్చుకొనజాలదు. ఉదయించునపుడు చంద్రుడు పెద్దగా దోచుట చూపు భ్రమయే. చేయిచాచి చిటికెనవ్రేలు అడ్డుపెట్టినచో, క్షితిజమున నున్నను నడినెత్తిన నున్నను అది చంద్రుని పూర్తిగా కప్పివేయును.

ఈ దూరభేదమునకు సాక్ష్యము మన యిండ్లలోని పంచాంగముననే యున్నది. సూర్యచంద్రుల నడిమి కోణము 12 అంశములు పెరుగుటకు బట్టు కాలమే తిథి. అది యొకప్పుడు ఇంచుమించు 20 గంటలు, ఒకప్పుడు 27 గంటలకు చేరువ. దగ్గఱనున్నపుడు చంద్రుడు వేగముగా, దూరమున నున్నపుడు మెల్లగా నడచుట దీనికి ముఖ్యకారణము. అతిదూరస్థానమునకు మన సిద్ధాంతకర్తలు మందోచ్చమని పేరిడిరి. శుభాశుభములకై పంచాంగమును దినమును విప్పువారు ఆ గణితమును ఒక్కనాడైన అడుగరైరి!

గ్రహణములును ఈ దూరమునకు లోబడినవియే. 1868 ఆగస్టు 18న చంద్రుడు సమీపమున నుండుటచే సూర్యుని పూర్తిగా గప్పెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి ఆ సంపూర్ణగ్రహణమున సూర్యుని అంచునలేచు జ్వాలల కాంతిని పరీక్షించెను. 2010 జనవరి 15న దూరమున నుండుటచే పూర్తిగా గప్పలేక, కన్యాకుమారివద్ద సూర్యుని చుట్టును ఉంగరమువంటి వెలుగును మిగిల్చెను. చంద్రుడొక్కడే, తేడా దూరముననే.

ఇట్టి నియమబద్ధమైన సంఘటనను మన భాష యేమి చేసినది? చీలినపెదవితో బుట్టిన శిశువునకు గ్రహణమొఱ్ఱి యను పేరు పెట్టినది. గర్భమునందు తొలి వారములలో పెదవిభాగములు కలిసికొనకపోవుటచే ఆ లోపము గలుగును; శస్త్రచికిత్సచే సవరింపవచ్చును. గ్రహణమునకును దానికిని సంబంధము లేదు. ఐనను ఆ మాట వినబడినంతకాలము, ఆ వేళ తల్లి యేమి చూచినదో, యేమి కోసినదో యని ఇరుగుపొరుగువారు ఆరాతీయుదురు, నేరమామెపై బడును. బిడ్డను వైద్యునికి జూపుటకు మాఱుగా ఇల్లంతయు తల్లిని విచారణకు బెట్టును. కథలోని జాతకపు చంద్రుడు, భయపు గ్రహణము ఈ విచారణకు సాక్ష్యమిచ్చుచున్నవి. అందుచేతనే ఈ లోపము చిన్నది గాదంటిని.

రచయితలను మేము కోరునది ఖగోళగణితము గాదు. చంద్రుని గూర్చి వ్రాయుటకు ముందు తిథి జూచుకొనుట, వీలైనచో వాకిటికి వచ్చి ఆకాశమును జూచుట, అంతమాత్రము చాలును. గృహస్థులును పిల్లలకు విదియనుండి పున్నమవఱకు ప్రతిసాయంకాలము చంద్రుని ఆకారమును, స్థానమును గుర్తించి వ్రాసికొన నేర్పుదురుగాక. పదునైదుదినములు స్వయముగా జూచిన బాలిక, రేపు తల్లియైనపుడు, గ్రహణమొఱ్ఱి యన్నవారిని కారణమడుగగలదు.