కత్తిరించిన కథ

2018వ సంవత్సరమున మన దేశమందు వాట్సాప్ మూలమున ఇల్లిల్లు తిరిగిన యొక చలనచిత్ర ఖండమును గూర్చి యిచట విచారింపదలచితిమి. వీధిలో పిల్లలాడుకొనుచుందురు. మోటారుసైకిలుపై నిద్దరు వచ్చి యొక బిడ్డ నెత్తుకొని పోవుదురు. అంతతో సరి. నిజమునకు, అది కరాచీలో శిశురక్షణకై తీసిన ప్రబోధచిత్రము. ఎత్తుకొనిపోయినవారే మరలి వచ్చి బిడ్డను దింపి, హెచ్చరిక వ్రాసిన పలకను చూపుదురు. ఎవరో యా తుదిభాగమును కత్తిరించిరి.

రచనగా చూచినచో దీని బలమంతయు నీ కోతయందే యున్నది. ముగింపు లేని కథను చూచువారే ముగించుకొందురు. ఊరి పేరు లేదు గనుక ప్రతి యూరును తన కథయే యనుకొనెను. కర్త లేడు గనుక దానిని పంపిన మేనమామయో, ప్రక్కింటి పిన్నిగారో కర్తలైరి. వారి మాట శంకించుటెట్లు? "ముఠా దిగినది, పిల్లలు జాగ్రత్త" యనుదానిని కాదనుట పిల్లలపై ప్రేమ లేకుండుటగా తోచును. పంపుటకు వ్రేలికొన చాలును. విచారించుటకు ఠాణాకైనను ఫోను చేయవలయును. మన యిండ్లలో నీ రెండవ పని యెంత యరుదో చెప్పనక్కరలేదు.

ఇది నిరక్షరాస్యుల జాడ్యమని విద్యావంతు లనుచుందురు. మాకది సమ్మతము కాదు. ఆ హెచ్చరికలను వ్రాసి పంపినది చదువు వచ్చినవారే కదా! 2018లోనే సైన్స్ పత్రికయందు వెలువడిన పరిశోధనమున, ట్విట్టరులో అసత్యము 1,500 మందిని చేరుట సత్యముకంటె సుమారారురెట్లు శీఘ్రమని తేలినది. అందులకు హేతువు యంత్రములకంటె మనుష్యులేయట.

ఆ యేడు జూలై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని గుంపు కొట్టి చంపెను. 13న బీదరు జిల్లా ముర్కిలో, త్రోవలో పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు, హైదరాబాదు నుండి వెళ్లినవారిలో నొక యువకుడు హతుడయ్యెను. వారి కారుకంటె ముందే వారి వీడియో ఆ యూరు చేరినది. ఆ నెలలోనే వాట్సాప్ వారు ఒక సందేశమును ఒకమారు ఐదింటికి మించి పంపరాదని హద్దు పెట్టిరి. నాడు గుంపునకు 256 మంది వరకు నుండవచ్చును; ఐదు గుంపులనగా వేయికి మించిన జనము!

జోగుళాంబ గద్వాల జిల్లాలో నాటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు వేరు మార్గము పట్టిరి. కానిస్టేబుళ్లను పల్లెలకు పంపి, డప్పులతోను జానపదగీతములతోను వదంతులు నమ్మవలదని చాటించిరి. భయపడిన తల్లి యడిగినచో బదులు చెప్పుటకు గుమ్మమునొద్ద నొక మనిషి యుండెను.