వెచ్చని నలుపు

వెచ్చని కాగితమా, నల్ల పాలిథిన్ సంచిలో, ఆ పైన అట్టపెట్టెలో వెలుగు సోకకుండా దాగినదానా! ఎర్ర లైటు కింద నిన్ను బయటికి తీస్తే నీ మీద ఏమీ ఉండదు. వేలికొసకు ఒకవైపు కొంచెం గరుకు, జెలటిన్ పూసినవైపు కొంచెం జారుడు, అరచేతిలో కొంచెం బరువు. అయినా కామారెడ్డి దగ్గరి బీబీపేట మనుషుల మొహాలు రేపు ఏ వన్నెలో మిగులుతాయో ఆ ఖాళీలోనే సగం తేలిపోయింది. నెగెటివ్ ఒకటే, ఎన్‌లార్జర్ ఒకటే. నిన్ను ఎంచుకున్న క్షణంలోనే నీడల రంగును కూడా ఎంచుకున్నాను.

నీలో ఉన్నది వెండి. ఏ ఫొటో కాగితంలోనైనా వెండే. చల్లని కాగితంలో అది ఎక్కువగా బ్రోమైడుతో కలిసి ఉంటుంది. డెవలపర్ తగలగానే తీగలు తీగలుగా పెరిగి, వెలుగులోని రంగులన్నిటినీ దాదాపు సమానంగా మింగుతుంది. అందుకే దాని నలుపు అటూ ఇటూ మొగ్గదు. నీలో క్లోరైడు పాలు ఎక్కువ. నీ వెండి సన్నని రేణువుగానే ఆగిపోతుంది. ఆ సన్నని రేణువు నీలాన్ని ఎక్కువ మింగి, ఎరుపునూ పసుపునూ మన కంటికి వదిలేస్తుంది. నీ వెచ్చదనానికి ఎవరూ రంగు పూయలేదు. అది రేణువు సన్నదనం, అంతే. లోహం ఒకటే అయి ఉండి, పరిమాణం మారినంత మాత్రాన వన్నె మార్చుకోగలగడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

బీబీపేటలో నాకు కావలసింది ఆ నలుపే. చాట ఒళ్ళో పెట్టుకొని తునికాకు బీడీలు చుట్టే అక్క చేతులు, మోకు ముస్తాదుతో తాడిచెట్టు దిగిన గౌడన్న వీపు, మక్కలు ఆరబోసే అవ్వ మెడ మీది ముడతలు... వీటి నీడల్లో బూడిద రంగు ఎక్కడా లేదు. ఆ నల్లని ఒంటి అడుగున ఎరుపు ఉంది, చెమట మెరుపు ఉంది. చల్లని కాగితం మీద ఆ ఒళ్ళు నాకు దూరమైపోతుంది. నీ మీదైతే అక్క మణికట్టు దగ్గర నరం కదులుతున్నట్టే ఉంటుంది.

మన ఊళ్ళ స్టూడియోల్లో ఏళ్ళ తరబడి ఒక అలవాటు నడిచింది. పెళ్ళి సంబంధానికి పంపే ఫొటో అంటే చాలు, నెగెటివ్ మీద మొహం ఉన్నచోట పెన్సిల్‌తో టచింగ్ చేసేవారు, ప్రింటుకు వెలుగు తగ్గించి ఇచ్చేవారు. మనిషి ఒకటి రెండు ఛాయలు తెల్లబడి బయటికి వచ్చేది. ఆ ఫొటో చేతికందాక, అందులో ఉన్నది తానేనా అని ఎంతమంది ఆడపిల్లలు అద్దంలో చూసుకున్నారో! ఆ బాధకు మందు నీ దగ్గర ఉంది కాగితమా. నలుపును తగ్గించమని నువ్వు అడగవు. నిండుగా వెలుగు పడనిమ్మంటావు, నీడను లోతుగా దిగనిమ్మంటావు. ఆ లోతులో కూడా కంటి తడినీ, ముక్కుపుల్ల చుట్టూ చర్మం నిగనిగనూ చూపిస్తావు.

ఈ నేలకు వెచ్చని బొమ్మ కొత్తేమీ కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ ప్రింట్లను చూడండి. అవి ఎక్కువగా ఆల్బుమెన్ ప్రింట్లు. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి కాగితానికి పూసి, సిల్వర్ నైట్రేట్ మీద తేలేసి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండకు ఉంచేవారు. డెవలపర్ అక్కర్లేదు. సూర్యుడే బొమ్మను పైకి తెచ్చేవాడు. ఆ వెండి ఎంత సన్నదంటే బొమ్మ ఎర్రగోధుమ రంగులో తేలేది. దాన్ని గోల్డ్ క్లోరైడు ద్రావణంలో ముంచితే ఊదా కలిసిన గోధుమ రంగుకు తిరిగేది, మన్నిక కూడా పెరిగేది. 1905లో ఆయన పోయారు. ఆయన స్టూడియో గాజు పలకలు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ ప్రింట్లలోని దర్బార్లు, మహళ్ళు, వేటలు, ఏనుగులు, సర్దార్లు అన్నీ ఆ బంగారు నీళ్ళలో మునిగినవే. ఆ ప్రింట్ల ముందు ఎంతసేపు నిలబడ్డా నాకు తనివి తీరదు. నిలబడిన ప్రతిసారీ ఒక్కటే అనుకుంటాను: ఏలినవారికి దొరికిన ఈ వెచ్చదనం తునికాకు చుట్టే చేతులకూ దొరకాలి.

అది అంత తేలిగ్గా దొరకలేదు. మన పట్నాల స్టూడియోలకు చేరువైన సరుకు ఊటీలోని హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందూ. 1960లో ఏర్పడ్డ ఆ ప్రభుత్వ సంస్థ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అయితే నీ వంశంలోని పెద్దలు పుట్టింది విదేశాల్లో. ఆగ్ఫా వారి పోర్ట్రిగా రాపిడ్, రికార్డ్ రాపిడ్ పేర్లు చెబితే పాత ప్రింటర్ల కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. వాటి ఎమల్షన్లో కాడ్మియం ఉండేది. అది విషమని తీసేశాక ఆ వన్నె మునుపటిలా లేదన్నారు. తీసేయడమే సరైన పని. ఒక నీడ అందం కోసం నీళ్ళలోకి విషం వదలకూడదు. 2005లో ఆగ్ఫాఫొటో దివాలా తీసింది. హంగరీలోని వాట్స్ పట్నంలో పాలీవార్మ్‌టోన్ తయారుచేసిన ఫోర్టే ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. ఇన్ని తలుపులు మూసుకున్నాక కూడా మిగిలినదానివి నువ్వు. ఇంగ్లండులోని మాబర్లీలో ఇల్ఫర్డ్ మల్టీగ్రేడ్ వార్మ్‌టోన్‌గా, చెక్ దేశంలోని హ్రాదెత్స్ క్రాలొవెలో ఫోమాటోన్‌గా ఇంకా తయారవుతున్నావు.

ఆ రెండింటిలో ఎవరిని పిలవాలన్నది నెగెటివ్ చెబుతుంది. ఫోమాటోన్‌కు గోధుమ వన్నె పుట్టుకతోనే ఎక్కువ. దోమకొండ కోట గోడలకూ, మట్టి ఇళ్ళకూ, దున్నిన ఎర్రచెలకలకూ అది నాకు ఇష్టం. మొహాలకు ఇల్ఫర్డ్ వార్మ్‌టోన్. అది మొదట్లో ఎక్కువ మాట్లాడదు, టోనర్లో పడ్డాక నోరు విప్పుతుంది. అడుగు కాగితం రంగు దగ్గర మాత్రం నాకు పట్టుదల ఉంది. మీగడ రంగు కాగితం చూడగానే మనసు లాగుతుంది, కానీ దాని మీద తెల్లపంచె ఎప్పటికీ తెల్లగా కనబడదు. ఉతికి ఆరేసిన పంచెను కట్టుకొని ఫొటోకు వచ్చిన పెద్దమనిషికి ఆ తెలుపు దక్కాలి. అందుకే నాకు అడుగు తెల్లగా ఉండి నలుపు మాత్రమే వెచ్చగా ఉండాలి. పైపూత గ్లాసీ కావాలి, కానీ గ్లేజింగ్ షీటు మీద వేయకుండా గాలికి ఆరినది. మ్యాట్ కాగితం ఎంత మృదువుగా ఉన్నా నీడ అడుగుదాకా దిగదు.

ట్రేలో నిన్ను దింపడం ఒక ఓర్పు. నీకు వేగం తక్కువ, మామూలు కాగితం కంటే ఎన్‌లార్జర్ వెలుగు ఎక్కువసేపు కావాలి. డెవలపర్లో బొమ్మ మొదట ఎర్రగోధుమగా తేలుతుంది. నిమిషం దాటేకొద్దీ నలుపుకు తిరుగుతుంది. తొందరపడి తీస్తే వెచ్చదనం మిగిలి నీడ నీరసిస్తుంది. మరీ ఆగితే నీడ నిండుతుంది, వెచ్చదనం కొంత పోతుంది. పొటాషియం బ్రోమైడు కొద్దిగా ఎక్కువ వేస్తే వెచ్చదనం పెరుగుతుంది. పుస్తకాలు 20 డిగ్రీలంటాయి. మన ఎండాకాలం 40 దాటుతుంది. అప్పుడు రంజను నీళ్ళు పోసిన బేసిన్లో ట్రే పెట్టాలి, లేదా చలికాలం దాకా ఆగాలి. నేనైతే ఆగమంటాను. డిసెంబరు రాత్రుల్లో డెవలపర్ నిదానంగా ఉంటుంది, చేయీ నిదానంగా ఉంటుంది. తడిలో మెరిసిపోయిన ప్రింటు ఆరాక ఒక వీసమెత్తు చీకటి పోసుకుంటుంది. దానికి ముందే లెక్క కట్టుకోవాలి.

ఇక టోనింగ్. నువ్వు అసలు పుట్టిందే దీనికోసం అనిపిస్తుంది. సన్నని రేణువు కాబట్టి టోనర్ నీకు త్వరగా అంటుతుంది. సెపియాలో ముందు ఫెర్రిసైనైడు బ్లీచు బొమ్మను చెరిపేసినట్టు చేస్తుంది. మొహం లేతపసుపు మరకగా మిగిలిపోతే కొత్తవాళ్ళకు గుండె జారుతుంది. తర్వాత సల్ఫైడు స్నానంలో అది తిరిగి లేస్తుంది, ఈసారి సిల్వర్ సల్ఫైడుగా. బ్లీచు ఎంతసేపన్నదాన్ని బట్టి కామారెడ్డి బెల్లం గానుగల దగ్గర పాకం రంగు తిరిగినట్టు ఒక్కో మెట్టు వస్తుంది. లేత తేనె రంగు నుంచి ముదురు గోధుమదాకా ఎక్కడ ఆపాలో కన్నే చెప్పాలి. సెలీనియం దారి వేరు. అది నీడలను ముందు పట్టుకుంటుంది, నీ మీద ఎర్రగోధుమ, కాస్త వంగపండు రంగు కలిపిన లోతునిస్తుంది. సెపియా వెలుగులను ముందు పట్టుకుంటుంది. ఒకటి కింది నుంచి, ఒకటి పై నుంచి. రెండూ విషం కలిగినవే, చేతి తొడుగులుండాలి, కిటికీ తెరిచి ఉండాలి. బంగారం మాత్రం చిత్రమైనది. మామూలు ప్రింటును నీలినలుపుకు తిప్పుతుంది, సెపియా అయిన ప్రింటును నారింజ ఎరుపుకు తీసుకెళ్తుంది.

ఇదంతా అందం కోసమేనా అంటే కాదు. మన ఇళ్ళలో ఫొటో ఎక్కడుంటుంది? దేవుడి పటం పక్కన, అగరుబత్తి పొగలో, వానకు చెమ్మ పట్టే గోడ మీద. ఉత్త వెండిని ఆ గాలి తింటుంది. సల్ఫైడుగా, సెలీనైడుగా మారిన వెండి తట్టుకుంటుంది. పోయినవాళ్ళ మొహం మనవళ్ళదాకా నిలవాలని ఆ పటం కింద దీపం పెట్టే ఇల్లాలికి ఈ రసాయనం తెలియనక్కర్లేదు, తెలియాల్సింది ప్రింటరుకు.

నీళ్ళ సంగతి చెప్పకుండా నిన్ను పొగడలేను. నీ నారలు ఫిక్సర్‌లోని హైపోను పీల్చుకుంటాయి. అది పోవాలంటే వెనకటివాళ్ళు గంటసేపు పారే నీళ్ళలో ఉంచేవారు. బోర్లు ఎండే చోట అది పాపం. రాపిడ్ ఫిక్సర్లో నిమిషం, 5 నిమిషాలు కడగడం, సోడియం సల్ఫైటు కలిపిన వాష్‌ఎయిడ్‌లో 10 నిమిషాలు, మళ్ళీ 5 నిమిషాలు కడగడం: ఇల్ఫర్డ్ చెప్పిన ఈ పద్ధతి మన ఊరికోసమే రాసినట్టుంటుంది నాకు. నల్లా వదిలేయకుండా ట్రే నింపి, వంచి, మళ్ళీ నింపి కడిగినా చాలు. ఆ నీళ్ళను చెరువులోకి మాత్రం పోనివ్వకూడదు.

సద్దుల బతుకమ్మ నాడు చెరువు దగ్గర తీసిన నెగెటివ్ ఒకటుంది. నడుమ దీపం, చుట్టూ తంగేడు లేతగా, గునుగు తెల్లగా, వంగిన ఆడవాళ్ళ మొహాలు సగం చీకట్లో. ఇది నీది, వార్మ్‌టోన్. కాంట్రాస్టు మెత్తగా పెట్టి, చీకట్లో ఉన్న మొహాలను తెల్లబరచకుండా, నీడను నిండా కాల్చి చూస్తాను. కడిగాక ముందు సెలీనియం, నీడలు పట్టుకునేంతవరకే. బాగా కడిగి, తర్వాత పలుచని బ్లీచు. అది నీడలను ముట్టలేదు, దీపం చుట్టూ ఉన్న వెలుగులనే తీసుకుంటుంది. పూలు సెపియాకు, మొహాలు సెలీనియానికి. టెస్ట్ స్ట్రిప్ కోసం నిన్ను సన్నగా కత్తిరిస్తున్నాను, 4 సెకన్ల మెట్టుతో మొదలుపెడదాం.