నేలలో పాతిన జాడీలు

జార్జియా దేశంలో తూర్పున ఉన్న కఖేతీ ద్రాక్షసీమ. అక్కడి రైతుల ఇళ్లలో వైన్ చేసే కొట్టును మరానీ అంటారు. లోపలికి వెళితే నేల మీద గుండ్రటి మూతులు తప్ప ఏమీ కనబడవు. అవి క్వెవ్రీలు, అంటే మెడ దాకా భూమిలో పాతిన పెద్ద మట్టి జాడీలు. మన పెద్దలు ధాన్యాన్ని పాతర వేసినట్టు వీళ్లు ద్రాక్షరసాన్ని నేలకు అప్పగిస్తారు.

శరదృతువులో కోత మొదలైతే ఇంటిల్లిపాదీ తోటలోనే. పళ్లను తొట్టిలో వేసి కాళ్లతో తొక్కి, రసాన్ని తొక్కలతో, గింజలతో సహా జాడీలోకి దింపుతారు. అది పులుస్తున్నన్ని రోజులూ పైకి తేలిన తొక్కల్ని కర్రతో లోపలికి తోస్తూనే ఉండాలి. ఆ తర్వాత మూత బిగించి నెలల తరబడి వదిలేస్తారు. చుట్టూ ఉన్న మట్టి చల్లదనాన్ని నిలకడగా కాపాడుతుంది. తెల్లద్రాక్ష తొక్కలతో నానడం వల్ల తేనె రంగూ, చిరువగరూ వస్తాయి. మిగిలిన పిప్పినీ పారేయరు, బట్టీ పెట్టి చాచా అనే ఘాటు సారా తీస్తారు.

క్వెవ్రీలో వైన్ చేసే ఈ విద్యను యునెస్కో 2013లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. జార్జియా నేలలో దాదాపు 8,000 ఏళ్ల నాటి మట్టిపాత్రల్లో ద్రాక్షవైన్ ఆనవాళ్లు దొరికాయి.

అయితే ఈ పద్ధతిలో అసలు కష్టం జాడీని కడగడంలో ఉంది. జాడీలో మురికి మిగిలితే ఏడాది పంట చెడినట్టే. కఖేతీ వెళ్లే తెలుగువారు గ్లాసు అందుకునే ముందు ఖాళీ క్వెవ్రీలోకి ఒకసారి తొంగి చూడండి. మెచ్చుకోవలసిన పనితనం అక్కడే ఉంది.