తలుపు, కుర్చీ, రెండు మాటలు

ఒక మనిషి తలుపు తీసుకుని గదిలోకి రావాలి. గది దాటి వెళ్ళి, అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న మనిషికి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి. ఇద్దరూ రెండు మూడు మాటలు మాట్లాడుకోవాలి. ఇంగ్లండులో ఓసీఆర్ పరీక్షల బోర్డు కింద మీడియా స్టడీస్ చదివే పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు ఏళ్ళ తరబడి ఇచ్చిన తొలి అభ్యాసం ఇదే. ఇది చేతికొచ్చాక అసలు పని మొదలయ్యేది. ఇంకా ఎవరూ తీయని ఒక సినిమాకు ప్రారంభాన్ని ఊహించి, పేర్లు పడటంతో సహా, రెండు నిమిషాలకు మించకుండా తీయాలి. ఆపైన ఏడు ప్రశ్నలకు జవాబులు రాసుకోవాలి. వాటిలో కొన్ని: ఎవరి కోసం తీశాం, ఉన్న పద్ధతుల్లో దేన్ని వాడుకున్నాం, దేన్ని కాదన్నాం, తలుపు-కుర్చీ అభ్యాసం నుంచి ఇక్కడికి వచ్చేసరికి ఏం నేర్చుకున్నాం.

ఆ తొలి అభ్యాసం చదవగానే తెలుగువాళ్ళకు ఇంకేదీ తట్టదు. ఇది అచ్చంగా పెళ్ళిచూపులు. కుర్రాడు గుమ్మం దాటి వస్తాడు, హాలు దాటి కుర్చీలో కూర్చుంటాడు, ఎదురుగా అమ్మాయి, రెండు మాటలు. పరీక్షల బోర్డు వారు కెమెరా నేర్పడానికి పెట్టిన మెట్టు మన ఇళ్ళలో తరతరాలుగా జరుగుతున్న తంతు. అందుకే రొమాంటిక్ కామెడీ ప్రారంభం తీయాలనుకునే తెలుగు పిల్లలకు దీనికంటే మంచి పాఠం లేదని నా నమ్మకం. ఆ పిల్లలు ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఉంటే మరీ మంచిది. ఎందుకో చెప్తాను.

ముందు పనితనం సంగతి. తలుపు తీసే షాటులో నేర్చుకోవలసింది అతుకు. చెయ్యి గడియ మీద పడేది వరండాలోంచి తీస్తాం, తలుపు తెరుచుకునేది గదిలోంచి తీస్తాం. రెండు షాట్లనూ కదలిక మధ్యలో కలిపితే చూసేవాడి కన్ను కదలిక వెంట పోతుంది, అతుకును గమనించదు. జరిగిపోయిన కదలికనే రెండో షాటులో మళ్ళీ చూపిస్తే తలుపు రెండుసార్లు తెరిచినట్టుంటుంది. కుర్చీలో కూర్చున్నాక నేర్చుకోవలసింది గీత. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకుని కెమెరాను దానికి ఒక పక్కనే ఉంచాలి. దాటామా, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒకే గోడ వైపు చూస్తున్నట్టు కనబడతారు.

ఇంగ్లండు పిల్లలకు ఇద్దరే మనుషులు కాబట్టి గీత ఒక్కటే. పెళ్ళిచూపుల్లో గీతలు ఎన్ని! కుర్రాడి తల్లి అమ్మాయి జడ చూస్తుంది. అమ్మాయి తండ్రి కుర్రాడి తండ్రి ముఖం చూస్తాడు. మేనత్త గోడ మీది బూజు చూస్తుంది. అమ్మాయి నేల చూస్తుంది, కుర్రాడు అమ్మాయి నేలను ఎప్పుడు వదిలిపెడుతుందా అని చూస్తాడు. ఇన్ని చూపులనూ ఒక గదిలో సర్దాలంటే మొదట గది మొత్తం కనబడే షాటు ఒకటి నిలబెట్టి, ఎవరెక్కడున్నారో ప్రేక్షకుడికి తెలియనివ్వాలి. తర్వాత ఈ దృశ్యం ఎవరి కళ్ళతో చూడాలో ఒక్కరిని ఎంచుకోవాలి. ఆ ఒక్కరినీ ఎంచుకోని ప్రారంభం అందరినీ చూపించి ఎవరినీ పరిచయం చేయకుండా ముగుస్తుంది. విద్యార్థుల చిత్రాల్లో నాకు తరచుగా కనబడే లోపం ఇదే. కెమెరా ఖరీదు పెరిగినంత మాత్రాన ఇది తీరదు.

హాలీవుడ్ ఇలాంటి ప్రారంభాన్ని ఎలా కట్టిందో చూస్తే మన దారి తేడా తెలుస్తుంది. 1938లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన 'బ్లూబియర్డ్స్ ఎయిత్ వైఫ్'లో గ్యారీ కూపర్ ఒక దుకాణంలో పైజామా సూటులో పై చొక్కా మాత్రమే కావాలంటాడు. దుకాణం వాళ్ళు కుదరదంటారు. అప్పుడు క్లాడెట్ కోల్బర్ వచ్చి, నాకు కింది భాగం చాలు అంటుంది. పరిచయం, హాస్యం, చనువు అన్నీ ఒక్క వస్తువు మీద నిలబెట్టారు. రాసినవాళ్ళలో బిల్లీ వైల్డర్ ఒకరు. పని గొప్పది. కానీ ఆ దుకాణంలో ఎవరి అమ్మా లేదు, ఎవరి నాన్నా లేడు. ఇద్దరు ఒంటరి మనుషులు. మన రొమాంటిక్ కామెడీలో తొలిచూపు ఇద్దరి మధ్య జరగదు, ఇంటిల్లిపాది మధ్య జరుగుతుంది. ఆ ఇంట్లోనే అడ్డంకీ ఉంటుంది, నవ్వూ ఉంటుంది.

మన పద్ధతి తెలుగు సినిమాకంటే పాతది. 1897లో తొలిసారి అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం' తెర లేచేసరికి విజయనగరంలో బొంకుల దిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటాడు. అప్పులు, ఆడవాళ్ళతో చిక్కులు అన్నీ ఏకరువు పెడతాడు. శిష్యుడు వెంకటేశం కనబడేసరికి ఈయన ఊరు విడిచి పోక తప్పదని మనకు అర్థమైపోయి ఉంటుంది. గిరీశం మనసుపడబోయే బుచ్చమ్మ ఇంకా కనబడలేదు, ప్రేమ మాటే లేదు. ఉన్నది అవసరం. అవసరంలో ఉన్న మనిషి అబద్ధమాడతాడు, ఆ అబద్ధం ఒక ఇంట్లోకి అడుగుపెడుతుంది. గురజాడ వేసిన ఈ మెట్టు మీదే తర్వాతివాళ్ళు నడిచారు.

'మిస్సమ్మ' (1955) చూడండి. చక్రపాణి రచన, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం. ఉద్యోగం దొరకని ఇద్దరు అపరిచితులు. ఒక బడికి ఉపాధ్యాయులుగా భార్యాభర్తలే కావాలన్న ప్రకటన. సావిత్రి, ఎన్.టి. రామారావు మొగుడూపెళ్ళాల్లా నటించడానికి ఒప్పుకున్న క్షణంలోనే మిగతా సినిమా అంతా తయారైపోయింది. ఆకలి ఇద్దర్నీ కలిపింది, మతమూ కోపమూ విడదీస్తాయి, జమీందారు ఇల్లు మధ్యలో నిలబడి చూస్తుంది. జంధ్యాల 'శ్రీవారికి ప్రేమలేఖ' (1984)కు పొత్తూరి విజయలక్ష్మి నవల ఆధారం. అందులో ఒక అమ్మాయి సరదాకు, ఎవరో తెలియని మనిషికి రాసిన ప్రేమలేఖ నిజంగానే ఒకడి చేతిలో పడుతుంది. చేతికందిన కాగితం ఒక్కటే. అతను దాన్ని పట్టుకుని అమ్మాయిని వెతుక్కుంటూ పోతాడు. తెలుగు రొమాంటిక్ కామెడీలకు ప్రారంభాలు రాయాలనుకునేవాళ్ళు జంధ్యాలను మాటల కోసమే చదువుతారు. నేనైతే ఆయన కథకు ముడి ఎక్కడ వేస్తాడో చూడమంటాను.

తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' (2016) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఆయన షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చినవాడు. 48 గంటల్లో సినిమా తీసే పోటీకి చేసిన 'అనుకోకుండా'లోనూ ఈ సినిమా నాయిక రీతూ వర్మే నటించింది. పెద్ద సినిమాలో ఆయన చేసింది పైన చెప్పిన తలుపు-కుర్చీ అభ్యాసాన్నే తిరగేయడం. తలుపు తెరుచుకుని కథ మొదలవడం కాదు, తలుపు బిగుసుకుపోయి మొదలవుతుంది. పెళ్ళిచూపులకొచ్చిన ప్రశాంత్, చిత్ర ఒక గదిలో ఇరుక్కుంటారు. బయట రెండు కుటుంబాలూ తలుపుతో కుస్తీ పడుతుంటే లోపల ఇద్దరూ తమ తమ పాత కథలు చెప్పుకుంటారు. కుటుంబాన్ని కథలోంచి తీసేయకుండానే ఇద్దరికీ ఏకాంతం దొరికింది. తలుపు తీరా తెరుచుకున్నాక తెలిసేది, వచ్చిన ఇల్లే తప్పని! సంభాషణలకు ఈ చిత్రం జాతీయ పురస్కారం తెచ్చుకుంది. డబ్బింగ్ థియేటర్లో కాక, తీస్తున్నప్పుడే గొంతులు రికార్డు చేశారు. అందుకే తడబాట్లు, మాట మీద మాట పడటం, ఊపిరి పీల్చుకోవడం సహజంగా వినబడతాయి. నవ్వులో సగం ఆ శబ్దాల్లోనే ఉంది.

ఇక బిలాస్‌పూర్. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని రైల్వే పట్నంగా మార్చింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు దారి 1931కి పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాలు ఇక్కడి క్వార్టర్లలో స్థిరపడ్డాయి. కోర్బా-విశాఖ ఎక్స్‌ప్రెస్ ఇప్పటికీ ఇక్కడివారిని పార్వతీపురం, విజయనగరం పెళ్ళిళ్ళకు తీసుకుపోతుంది. గిరీశం విడిచిపోవాలనుకున్న ఊరి నుంచి వచ్చినవాళ్ళ మనవలు బుధవారీ బజార్లో హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ బేరమాడి, ఇంటికొచ్చి అమ్మమ్మతో ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతారు. సంభాషణ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ఊరివాడే సత్యదేవ్ దూబే. 1936లో బిలాస్‌పూర్‌లో పుట్టి బొంబాయి నాటకరంగంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తెలంగాణ పల్లెలో జరిగే శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974)కు దక్కనీ కలిసిన సంభాషణలు రాసింది ఈయనే. బిలాస్‌పూర్ మనిషి తెలంగాణ మాటను చెవిన పట్టుకోగలిగాడంటే, బిలాస్‌పూర్ తెలుగు పిల్లలు తమ కాలనీ మాటను పట్టుకోలేరా? సినిమా తెలుగంటూ టీవీలో విన్న భాషను అరువు తెచ్చుకోవడం మానాలి. తాతయ్య ఒక భాషలో అడిగితే మనవరాలు ఇంకో భాషలో జవాబిస్తుంది, మధ్యలో నానమ్మ రెండూ కలిపేస్తుంది. ఆ కలగలుపును సరిచేయకుండా రాసుకుంటే చాలు, హాస్యం దానంతటదే వస్తుంది.

ఈ స్టేషన్ సాహిత్యంలోనూ ఉంది. రవీంద్రనాథ్ టాగూర్ 1918 నాటి 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' కవితలో జబ్బుపడ్డ బిను, ఆమె భర్త బిలాస్‌పూర్‌లో బండి మారడానికి ఆరు గంటలు కాచుకుంటారు. అక్కడి కూలీ భార్య రుక్మిణి తన కూతురి పెళ్ళి గురించి చెప్తే, బిను ఆమెకు పాతిక రూపాయలిమ్మంటుంది. భర్త రెండు రూపాయలిచ్చి పంపేసి, మొత్తం ఇచ్చానని భార్యకు చెప్తాడు. ఎదురుచూపు, పెళ్ళి, చిన్న అబద్ధం: రొమాంటిక్ కామెడీకి కావలసిన మూడూ ఇందులో ఉన్నాయి. టాగూర్ వాటిని దుఃఖం వైపు నడిపించాడు. అదే సరుకుతో నవ్వించడం కుర్రవాళ్ళ వంతు.

వాళ్ళు కథ అడిగితే నేనిచ్చేది ఇది. రైల్వే క్వార్టర్లో పెళ్ళిచూపులు. అమ్మాయి అసిస్టెంట్ లోకో పైలట్. మన దేశంలో తొలి మహిళా రైలు డ్రైవర్‌గా సురేఖా యాదవ్ 1980ల చివర్లో ఇంజను ఎక్కినప్పుడు అది వార్త. ఇప్పుడు అది ఉద్యోగం. అబ్బాయివాళ్ళు విశాఖ బండి దిగి వచ్చారు. కాఫీలొచ్చాయి. కుర్రాడు అడగాల్సిన మాట గొంతుదాకా తెచ్చుకున్నాడు. అప్పుడు తలుపు చప్పుడు. పాతకాలంలో బండి నడిపే రన్నింగ్ స్టాఫ్ ఇళ్ళకు కాల్ బాయ్ పుస్తకం పట్టుకొచ్చి, ఫలానా బండికి డ్యూటీ అని చెప్పి సంతకం తీసుకునేవాడు. ఫోన్లొచ్చినా కథలో నేను కాల్ బాయ్‌నే ఉంచుతాను, తలుపు కావాలి కాబట్టి. అందరూ ఆ పిలుపు అమ్మాయి తండ్రికనుకుంటారు. అమ్మాయి లేచి, పట్టుచీర కొంగు దోపుకుని, సంతకం పెట్టి లోపలికి వెళ్తుంది. అబ్బాయి మేనత్త నోట్లో జంతిక అలాగే ఉండిపోతుంది.

ఇది ప్లాట్‌ఫారం మీద తీయనక్కర్లేదు. రైల్వే స్థలాల్లో షూటింగుకు రైల్వే అనుమతి తప్పనిసరి, విద్యార్థులకు అది సులభంగా దొరకదు. ఆ పరిమితే మేలు చేస్తుంది. బొగ్గు వ్యాగన్ల చప్పుడు, హారన్, దూరంగా ప్రకటన, ఇవన్నీ విడిగా రికార్డు చేసుకుని మాటల కింద పరిస్తే క్వార్టర్ గోడల వెనక స్టేషన్ ఉందని ప్రేక్షకుడు నమ్ముతాడు. గది నిశ్శబ్దాన్ని కూడా అరనిమిషం విడిగా రికార్డు చేసుకోవాలి. లేకపోతే షాటు మారినప్పుడల్లా వెనకటి ధ్వని తెగి అతుకు చెవికి తెలిసిపోతుంది. ప్రారంభాలు తీసిన విద్యార్థులు రాసుకున్న జవాబుల్లో నేను పదేపదే చదివే మాట ఇదే: బొమ్మ గురించి ఎంతో ఆలోచించాం, శబ్దాన్ని చివరికి వదిలేశాం.

ఇంకొకటీ వాళ్ళే రాస్తారు. కాగితం మీద నవ్వొచ్చిన చోటు ఎడిటింగులో చచ్చిపోయిందని. కారణం దాదాపు ఎప్పుడూ తొందరే. సంతకం పెట్టే చెయ్యి చూపించగానే మేనత్త ముఖానికి దూకితే ప్రేక్షకుడికి విషయం అర్థమయ్యే వ్యవధి ఉండదు. చెయ్యి మీద కాస్త నిలవాలి, మేనత్త మీద ఇంకాస్త నిలవాలి, అప్పుడు కుర్రాడి ముఖం. ఆ ముఖంలో ఆశ్చర్యం కాదు, గౌరవం కనబడితే ఇది ప్రేమకథ అని మాట లేకుండా తెలుస్తుంది. ఏడు ప్రశ్నల్లో ఏ పద్ధతిని కాదన్నామన్న దానికి జవాబు కూడా అదే: చూడబడటానికి కూర్చున్న అమ్మాయి లేచి వెళ్తుంది, చూడటానికి వచ్చినవాళ్ళు ఎదురుచూస్తూ మిగిలిపోతారు.

ఆ జవాబులు రాసేటప్పుడు పిల్లలు మార్కుల కోసం గొప్ప మాటలు వెతుక్కోకూడదు. రెండు నిమిషాల బొమ్మను కాలనీలో నలుగురికి చూపించి, ఎవరు ఎక్కడ నవ్వారో పక్కనే కూర్చుని రాసుకోవాలి. లోకో పైలట్ల ఇళ్ళవాళ్ళు సంతకం దగ్గర నవ్వుతారు, పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దవాళ్ళు జంతిక దగ్గర నవ్వుతారు, తెలుగు రాని పొరుగువాళ్ళు ఎక్కడ నవ్వుతారో తీసినవాళ్ళూ ఊహించలేరు. సినిమా పేరు తెర మీద ఎక్కడ పడాలన్నది ఆ నవ్వులు విన్నాక నిర్ణయించుకోవచ్చు. నన్నడిగితే, పట్టుచీర మార్చుకుని యూనిఫాంలో, చేతిలో పెట్టెతో అమ్మాయి గుమ్మం దాటినప్పుడు, కుర్రాడు ఆగలేక కుర్చీలోంచి లేచి, ఎన్నింటికి వస్తారు అని అడగాలి. ఆమె జవాబు చెప్పేలోపు పేరు పడాలి.