‘అల్-ఖదీమ్’: వెయ్యిన్నొక్క రాత్రులకు ఒక ఆటరూపం

వెయ్యిన్నొక్క రాత్రుల కథలను పాశ్చాత్యులు నాటకాలుగా, నృత్యాలుగా, చలనచిత్రాలుగా మలచుకొన్న సంగతి అందరికీ తెలిసిందే. మన తెలుగువారు కూడా 1957లో ‘అల్లావుద్దీన్ అద్భుతదీపం’, 1970లో ‘ఆలీబాబా 40 దొంగలు’ తెరమీద చూసి సంతోషించారు. అయితే ఈ కథాప్రపంచాన్ని నియమనిబంధనలు గల ఒక ఆటగా మార్చిన గ్రంథం 1992లో అమెరికాలో వెలువడిందన్న విషయం మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. దానిపేరు ‘అల్-ఖదీమ్: అరేబియన్ అడ్వెంచర్స్’. రచయిత జెఫ్ గ్రబ్, ఆయనకు తోడ్పడినవారు ఆండ్రియా హేడే. ఖలీఫా, ఖాజీ, మసీదు, జిన్ను, షాయర్ వంటి మన నిత్యవ్యవహార పదాలు ఇందులో అడుగడుగునా కనిపిస్తాయి. వాటి అర్థం అక్కడ ఏమైందో చూడటమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఆట స్వరూపం గూర్చి రెండు మాటలు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో ప్రచురించారు. ఇందులో చదరంగం వలె పలక ప్రధానం కాదు, గెలుపోటములూ ఉండవు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథానిర్వాహకులు. మిగతావారిలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, తమ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతారు. అది నెరవేరిందా లేదా అన్నది సందేహాస్పదమైన చోట పాచికలు వేస్తారు. పాత్రల బలం, తెలివి, ప్రాణశక్తి అన్నీ అంకెలలో వ్రాసి ఉంటాయి. ఈ ఆటకు 1989లో వచ్చిన రెండవ రూపానికి అనుబంధంగా ‘అల్-ఖదీమ్’ తయారయింది. (పాచికలతో ఆడే నర్ద్ ఆటను నిరసించే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. పందెం లేని ఇటువంటి ఆటకు అది ఏ మేరకు వర్తిస్తుందన్నది ఫిఖ్‌హ్ పండితులను అడిగి తెలుసుకోవలసిన విషయం. మనం చేస్తున్నది సాహిత్య విమర్శ మాత్రమే.)

ఇక మూలం సంగతి. వెయ్యిన్నొక్క రాత్రులకు ఒక కర్త లేడు, ఒక స్థిరమైన పాఠమూ లేదు. పదవ శతాబ్దంలో ఇబ్నె నదీమ్ తన ‘ఫిహ్రిస్త్’లో దీని పారశీక మూలాన్ని పేర్కొంటూ, చెప్పిన తీరు బాగులేదని పెదవి విరిచాడు. అల్లావుద్దీన్, ఆలీబాబా కథలు పాత అరబీ ప్రతులలో లేనే లేవు. హలబ్ నగరానికి చెందిన హన్నా దియాబ్ అనే క్రైస్తవ యువకుడు 1709లో పారిస్‌లో చెప్పగా గలాఁ అనే ఫ్రెంచి పండితుడు వాటిని తన అనువాదంలో చేర్చాడు. ఇది గుర్తుంచుకొంటే, అమెరికా రచయిత మూలాన్ని మార్చాడన్న ఒక్క కారణంచేత తప్పుపట్టడం న్యాయం కాదని తేలుతుంది. ఈ కథలు మారుతూనే బ్రతికాయి. మారినప్పుడు పోయినదేమిటి, నిలిచినదేమిటి అన్నదే ప్రశ్న.

జఖారా అనే కల్పితదేశం ఈ గ్రంథానికి రంగస్థలం. హుజూజ్ నగరంలో ఖలీఫా కొలువు తీరి ఉంటాడు. ఇస్లాం ధర్మాన్ని, దైవప్రవక్తను (సల్లల్లాహు అలైహి వసల్లం) కల్పనలోకి లాగకుండా రచయిత తప్పించుకొన్నాడు. దీనిని మర్యాదగానే భావించవచ్చు. పవిత్ర విషయాలను పాచికలకు అప్పగించకపోవడం మంచిదే. కాని ఆ ఖాళీని ఏమితో నింపాడు? ధర్మశాస్త్రాన్ని ప్రసాదించిన ఒక స్త్రీమూర్తిని కల్పించి ఆమెకు ‘లోర్‌గివర్’ అని పేరుపెట్టాడు. ఆమె వ్రాతచుట్టలు మొదటి ఖలీఫాకు దొరికాయట. ఆపైన వీరుడైన హజామా, వృద్ధుడైన కోర్, సుందరి సెలాన్ వంటి దేవతలను వరుసగా నిలబెట్టాడు. వారిని ఆరాధించే చోట్లను మసీదులని పిలిచాడు!

ఇక్కడ రచయితకు దురుద్దేశం ఉందని అనలేము. ఆట యంత్రాంగమే ఇలా చేయించింది. ఆ ఆటలో పురోహిత పాత్రకు మంత్రశక్తి ఒక దేవత నుండి రావాలి. పలువురు పురోహితులు వేరువేరుగా ఉండాలంటే పలువురు దేవతలు కావాలి. యూరపు పురాణాల కోసం కుట్టిన అంగీ అది. బాగ్దాదుకు తొడగబోయి, అంగీని కత్తిరించడానికి బదులు బాగ్దాదునే కత్తిరించారు. ఖలీఫా అన్న మాటకు ప్రతినిధి అని అర్థం. ఎవరి ప్రతినిధి? మసీదు అంటే సజ్దా చేసే చోటు. ఎవరికి సజ్దా? ఈ ప్రశ్నలకు జఖారాలో జవాబు లేదు. తౌహీద్‌ను తీసివేసి, దాని చుట్టూ పెరిగిన పదజాలాన్ని మాత్రం అలంకారంగా ఉంచడం వల్ల ఈ చిక్కు వచ్చింది. పేర్లు కూడా మార్చివేసి ఉంటే కల్పన స్వతంత్రంగా నిలబడేది.

జిన్నుల విషయంలోనూ ఇదే జరిగింది. ఈ ఆటలో మొదటినుండీ జిన్, ఇఫ్రీత్ రెండు వేరువేరు జాతులు. తర్వాత వాటికి మారిద్, దావో తోడై, గాలి, నిప్పు, నీరు, మట్టి అనే నాలుగు భూతాలకు నాలుగు జాతులు సరిపోయాయి. ఈ లెక్క గ్రీకు తత్త్వశాస్త్రం నుండి వచ్చిందే గాని అరబ్బుల నుండి కాదు. జిన్నుల సృష్టి అగ్నిజ్వాల నుండి జరిగినట్లు అర్‌రహ్మాన్ సూరా తెలుపుతున్నది. అన్‌నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) కొలువులో సింహాసనాన్ని తెచ్చిపెడతానన్న ఇఫ్రీత్ కూడా జిన్నులలోని వాడే. మారిద్ అన్నది తిరుగుబాటు స్వభావాన్ని తెలిపే మాట. దానికీ నీటికీ సంబంధం లేదు. అన్నింటికన్నా ముఖ్యమేమంటే, జిన్నులు కూడా మానవుల వలె విశ్వసించడానికి, తిరస్కరించడానికి స్వేచ్ఛగలవారు, తీర్పుకు నిలబడవలసినవారు. రాత్రుల కథలలో జిన్ను ప్రమాణానికి కట్టుబడటం, అతనితో వాదించి ఒప్పించగలగడం ఇందువల్లనే. జాతిని, భూతాన్ని చూసి స్వభావం నిర్ణయించే పట్టికలో ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

అయినప్పటికీ ఈ గ్రంథాన్ని పూర్తిగా త్రోసిపుచ్చడానికి మనస్సు ఒప్పదు. ‘షాయర్’ అనే మాంత్రిక పాత్రనే తీసుకోండి. ముషాయిరాలకు అలవాటుపడిన మనకు ఈ పేరు వింటే నవ్వు వస్తుంది. కాని జాహిలియ్యా కాలపు అరబ్బులు కవికి ఒక జిన్ను తోడుండి పద్యాలు అందిస్తుందని నమ్మేవారు. రచయిత ఆ నమ్మకాన్ని పట్టుకొని చక్కని నిబంధన అల్లాడు. ఇతర మాంత్రికుల వలె షాయర్ మంత్రాలు వల్లెవేయడు. చిన్న జిన్ను నొకదానిని పంపి మంత్రాన్ని తెప్పించుకొంటాడు. అది ఆలస్యంగా రావచ్చు, వట్టిచేతులతో తిరిగి రావచ్చు. ఈ నిరీక్షణలో కథ ఉంది. ఉప్పు తిన్న ఇంటికి కీడు తలపెట్టరాదన్న ఆతిథ్యధర్మానికి కూడా ఇందులో స్థానమిచ్చారు. మరొక మెచ్చదగిన విషయం: ఈ ఆటలోని ఇతర లోకాలలో పుట్టు శత్రువులైన జాతులన్నీ జఖారాలో ఒకే ధర్మం క్రింద, ఒకే బజారులో పొరుగువారుగా బ్రతుకుతాయి. మనిషిని జాతినిబట్టి గాక అంగీకరించిన ధర్మాన్నిబట్టి లెక్కించే ఈ పద్ధతి ఎక్కడినుండి వచ్చిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. మతాన్ని తీసివేసినా దాని సామాజిక ఫలం ఒకటి జారిపోకుండా మిగిలింది.

విధి సంగతి మాత్రం అంత బాగా కుదరలేదు. జఖారాలో విధి ఒక శక్తి. ఆపదలో పాత్ర దానిని పిలువవచ్చు, అప్పుడు పాచిక వేస్తారు. తఖ్దీర్ అంటే అన్నీ తెలిసినవాని నిర్ణయం, పాచిక అంటే ఎవరికీ తెలియని యాదృచ్ఛికం. రెండింటికీ ఒకే పేరు పెట్టడం పొరపాటు.

అసలు లోపం మరింత లోతులో ఉంది. ‘ఇత్తడి నగరం’ కథను చూడండి. ఈ ఆటలో ఆ పేరుగల నగరం ఇఫ్రీతుల అగ్నిలోక రాజధాని. సంపదలు కొల్లగొట్టగలిగే చోటు. మూలకథలో అది మృతుల నగరం. ఖలీఫా అబ్దుల్ మలిక్ కోరికపై మూసా బిన్ నుసైర్ ఎడారులు దాటి అక్కడికి చేరుకొంటాడు. దారిపొడవునా శిలాఫలకాలు, వాటిమీద అంతరించిన రాజుల హితవులు. నగరంలో ఒక రాణి సర్వాభరణాలతో పడుకొని ఉంటుంది, ప్రాణం మాత్రం లేదు. కరువు వచ్చినప్పుడు ముత్యాలు కొలిచి ఇస్తామన్నా ధాన్యం దొరకలేదని ఆమె ప్రక్కనున్న ఫలకం చెబుతుంది. ధనం తీసుకొండి, నా ఒంటిమీది వాటిని తాకవద్దు అని కూడా చెబుతుంది. తాలిబ్ అనేవాడు ఆ మాట వినక చేయి చాచి, కాపలా బొమ్మల చేతిలో హతమవుతాడు. మిగిలినవారు ఒంటెలమీద ధనం వేసుకొనే తిరిగి వస్తారు, నిజమే. కాని మూసా అధికారాన్ని కుమారునికి అప్పగించి బైతుల్ మఖ్దిస్‌కు వెళ్లి శేషజీవితం ఆరాధనలో గడుపుతాడు.

ఈ ఆట తొలిరూపాలలో పాత్ర తెచ్చుకొన్న ప్రతి బంగారు నాణేనికి ఒక అనుభవాంకం చొప్పున లభించేది. అంకాలు పెరిగితే పాత్ర పై మెట్టు ఎక్కుతుంది. 1989 రూపంలో దీనిని ఐచ్ఛికం చేశారు గాని, అలవాటు అంత త్వరగా పోదు. తాలిబ్ చేసినపని ఈ లెక్క ప్రకారం ఎదుగుదల. మూసా చేసినపనికి అంకాలు లేవు. కథలో గొప్పవాడు ఆటలో నష్టపోయినవాడు! వస్త్రాలు, గోపురాలు, పేర్లు ఎంత శ్రద్ధగా చిత్రించినా, ఈ లెక్క మారనంతవరకు ఇత్తడి నగరం అందులోకి రాదు.

కథకుల పాత్రకూ అన్యాయమే జరిగింది. ‘రావూన్’ అనే కథకుణ్ణి ఇందులో చేర్చారు, సంతోషం. కాని ఆటలో ఉన్నవి యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు, తస్కరుడు అనే నాలుగు వర్గాలే. కనుక కథకుడు, అతనితోపాటు క్షురకుడు, దొంగల వరుసలో చేరారు. కథలు చెప్పి తన ప్రాణాన్ని, రాజ్యంలోని స్త్రీల ప్రాణాలను కాపాడిన షహర్‌జాద్‌ను ఏ వర్గంలో వేస్తారు? రాత్రుల తొలి కథలలోనే ఒక వర్తకుడు పొరపాటున ఒక ఇఫ్రీత్ కుమారుని చావుకు కారకుడవుతాడు. దారిన పోయే ముగ్గురు వృద్ధులు అతనికోసం నిలబడి, ఒక్కొక్కరు ఒక్కొక్క వింతకథ చెబుతారు. కథ నచ్చిన ప్రతిసారీ ఇఫ్రీత్ వర్తకుని రక్తంలో మూడవ వంతు క్షమిస్తాడు. అంకెలతో కొలవదగిన నిబంధన ఇది, మూలమే తయారుచేసి పెట్టింది. నలుగురు కూర్చొని కథ చెప్పుకొనే ఆటకు ఇంతకన్నా తగినది మరొకటి ఉండదు. ఖడ్గాలకు, కవచాలకు, మంత్రాలకు పట్టికల మీద పట్టికలు నింపిన గ్రంథంలో దీనికి చోటు దొరకలేదు.

ఈ గ్రంథమాల 1994తో ఆగిపోయింది. టి.ఎస్.ఆర్.ను 1997లో కొనుగోలు చేసిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2020లో తన పాత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులకు, వీటిలో నేటి విలువలకు సరిపడని చిత్రణలు ఉండవచ్చునన్న హెచ్చరికను జోడించింది. ‘అల్-ఖదీమ్’ వరకు ఆ హెచ్చరిక పనికివచ్చేది తక్కువే. అందులో ద్వేషం కనబడదు. ఖాజీ ఏ గ్రంథాన్ని చూసి తీర్పు చెబుతాడో, వృద్ధుని కథకు ఏ విలువ కట్టాలో అది చెప్పలేకపోయింది. బల్ల దగ్గర కూర్చున్న నిర్వాహకుడు మూలాన్ని చదివినవాడైతే, ఆ మూడవ వంతు నిబంధనను తానే వ్రాసుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.